ట్రంకుపెట్టెలో నెగటివ్‌లు దొరికితే

ఆదోని, ఎమ్మిగనూరు పాత ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగు వెతికితే నెగటివ్‌ల కవరు ఒకటి దొరకొచ్చు. దొరగ్గానే గుడ్డతో తుడవాలని చెయ్యి లాగుతుంది. తుడవొద్దు.

అంచులు పట్టుకుని వెలుతురుకు అడ్డంగా చూడండి. మెరుపు తక్కువున్న వైపు జిలెటిన్ పొర. బొమ్మ దాన్లోనే ఉంటుంది. పాత స్టూడియోల పెద్ద నెగటివ్‌ల మీద, ముఖం దగ్గర, సన్నటి పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. అవి మురికి కాదు, ముఖంలోని మచ్చలు దాచడానికి రీటచింగ్ చేసినవాళ్ల పనితనం. తుడిస్తే ముందు పోయేది అదే.

వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లుతున్నట్టు. మన ఎండలకు అది ఇంకా త్వరగా పాడవుతుంది. వాటిని వేరుచేసి, ముందు వాటికే కాపీ తీయండి. 1950కి ముందువి పసుపు తిరిగి జిగటగా ఉంటే నైట్రేట్ ఫిల్ము కావొచ్చు. ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దగ్గరికి తేవొద్దు.

జిన్నింగ్ మిల్లులున్న ఊళ్లో పత్తి నూగుకు కొదవేముంది! నేల తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ ఆపి, రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఎగరగొట్టండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

2009 అక్టోబరు తుంగభద్ర వరదలో మంత్రాలయం, కర్నూలు మునిగాయి. అలా తడిసి, ఎండి, ఒకదానికొకటి అతుక్కున్న నెగటివ్‌లను లాగితే బొమ్మ ఊడొస్తుంది. అవి అనుభవం ఉన్నవాళ్ల చేతికే ఇవ్వాలి.

ఇక కాపీ. గది చీకటి చేసి, ట్యాబ్ తెర మీద తెల్లటి పేజీ తెరవండి. నెగటివ్‌ను నేరుగా తెరపై పెడితే తెర చుక్కలు ఫొటోలో పడతాయి. అందుకే రెండంగుళాల ఎత్తున గాజుపలక నిలిపి దానిమీద ఉంచండి. మెరిసే వైపు పైకి ఉండాలి. కదలకుండా బిగించిన కెమెరాతో నిటారుగా పైనుంచి తీసి, ఎడిటింగ్ యాప్‌లో రంగులు తిరగేయండి. పైట ఎడమ భుజం మీదుందా? ఉంటే బొమ్మ తిరగబడలేదు.

కలర్ ల్యాబ్‌లో 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు చాలు. అగ్ఫా క్లిక్ 3 లాంటి కెమెరాల 6×6 సెంటీమీటర్ల నెగటివ్ అయితే అంతకంటే పెద్దదీ వేయించొచ్చు. వాళ్లకు ఫైలు ఇవ్వండి, నెగటివ్ ఇవ్వకండి.

పని అయ్యాక ప్లాస్టిక్ సంచిలో కాదు, కాగితం కవర్లలో దాచండి. ఫొటోలో ఉన్నదెవరో అవ్వను ఈ వారమే అడిగి, నెగటివ్ లోపల పెట్టకముందే కవరు మీద పెన్సిల్‌తో రాయండి.