కరెన్ యెప్పె: శరణార్థుల యుపాధ్యాయిని

స్వదేశమున ప్రాణమునకును మానమునకును రక్షణలేక, పరదేశమున తలదాచుకొనువారిని శరణార్థులందురు. వారికి మూడు కొఱతలు గలవు: కూడు, నెలవు, పేరు. మొదటి రెండును అందఱకు కానవచ్చును. మూడవది తఱచుగా నెవరికిని తోచదు. ఈ మూడింటిని గుర్తెఱిగి పాటుపడిన యొక యుపాధ్యాయిని చరిత్రము ఇచ్చట సంగ్రహముగా వ్రాయబడుచున్నది.

కరెన్ యెప్పె 1876వ సంవత్సరమున డెన్మార్కు దేశమందలి గిల్లింగ్ గ్రామమున, ఒక యుపాధ్యాయుని కుమార్తెగా జన్మించెను. తానును బడిలో చదువు చెప్పుచుండగా, తురుష్క సామ్రాజ్యమున అర్మీనియనులు పడుచున్న యిడుమలను గూర్చి 1902లో ఒక యుపన్యాసము వినెను. విని జాలిపడి యూరకుండక, 1903లో ఉర్ఫా పట్టణమునకు పోయి, అచ్చటి అనాథబాలురకు విద్య నేర్పుచు, వారి భాషను తాను నేర్చుకొనెను. ఆ యనాథులలో ఇద్దఱిని తన బిడ్డలుగా పెంచుకొనెను.

1915లో ప్రభుత్వము అర్మీనియనులను ఎడారులకు తరుమ నారంభించెను. లక్షలకొలది జనులు నశించిరి. ఆ దినములలో ఆమె కొందఱిని తన యింట దాచి కాపాడెను. తుదకు ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలెను. కాని 1921లో తిరిగివచ్చి, సిరియాలోని అలెప్పో నగరమున పని కారంభించెను.

ఆ సంహారకాలమున పరుల యిండ్లలో చిక్కుకొనిన స్త్రీలను, పిల్లలను విడిపించు పనికి నానాజాతి సమితి ఆమెను నియమించెను. ఆశ్రయగృహమునకు వచ్చిన వారి పేరు, తల్లిదండ్రుల పేర్లు, స్వగ్రామము, వారు పడిన పాట్లు ఒక పుస్తకమున వ్రాసి, ఛాయాచిత్రమును చేర్చుచుండిరి. ఇట్లు 1,500 మందికి పైగా వివరములు వ్రాయబడెను. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, మాతృభాషనే మఱచిన పిల్లలకు ఆ పుట యెంతటి ధనమో యూహింపుడు! బంధువులను వెదకుట కదియే ఆధారము. ఆ పుస్తకములు నేటికిని జెనీవా నగరమున భద్రముగా నున్నవి.

అయినను ఆశ్రయగృహము ఎల్లకాలమునకు ఇల్లు కాజాలదు. నిత్యము పెట్టెడి చేయి ఒకటి, చాచెడి చేయి ఒకటి యైనచో, చాచినవాని మనస్సు క్రుంగిపోవును. కావున ఆమె స్త్రీలకు కుట్టుపని కల్పించెను. 1924 మొదలుకొని బలీఖ్ నదీప్రాంతమున సేద్యపు పల్లెలను నిలిపెను. ఆ ప్రాంతపు బెడూయిన్ నాయకుడు హాజిమ్ పాషాతో మైత్రి చేసి, అతని యంగీకారముతోనే యీ పని సాగించెను. క్రొత్తగా వచ్చినవారి క్షేమము పాతకాపుల సద్భావముపై ఆధారపడునని ఆమె యెఱుగును. పొరుగువాని స్నేహములేని పొలమునకు ఎంత కంచె వేసినను కాపుదల లేదు గదా!

1935లో మలేరియా జ్వరముచే ఆమె అలెప్పోలోనే కన్నుమూసెను. పిమ్మట అర్మీనియనులు ఆ నగరమున నొక యున్నత పాఠశాలకు ఆమె పేరు పెట్టిరి. తమ పేర్లను పుస్తకమున వ్రాసి నిలిపిన యామె పేరును వారు తమ బడికి పెట్టి నిలిపిరి. ఇంతకంటె తగిన సన్మానమేది?

విద్యార్థులారా! కరవుచేతనో, కలహముచేతనో ఊరు విడిచివచ్చిన బాలుడు రేపు మీ తరగతిలో చేరవచ్చును. వానికి పలక యిచ్చుట మంచిదే. కాని మొదట వాని పేరడుగుడు. దానిని తప్పులేకుండ పలుకుడు. పిమ్మట మీ ప్రక్కను చోటిచ్చి, తరగతి పనిలో వానికొక భాగ మప్పగింపుడు.