బ్యాక్టీరియా విషాలు – వ్యాధులు

చాలా బ్యాక్టీరియా వ్యాధుల్లో అసలు హాని చేసేది ఆ బ్యాక్టీరియా తయారుచేసే విషమే. ఈ విషాలు (టాక్సిన్లు) రెండు రకాలు.

ఎక్సోటాక్సిన్లు: బ్యాక్టీరియా బయటికి విడుదల చేసే ప్రోటీన్లు. ఎక్కువ భాగం వేడికి నశిస్తాయి.

ఎండోటాక్సిన్లు: గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బాహ్యపొరలోని లైపోపాలీశాకరైడ్లు. వేడిని తట్టుకుంటాయి. బ్యాక్టీరియా ఛిద్రమైనప్పుడు వెలువడి జ్వరం, షాక్ కలిగిస్తాయి.

ముఖ్యమైన ఎక్సోటాక్సిన్లు

• కలరా: విబ్రియో కలరే విషం పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది. నీరు, లవణాలు విరేచనాలుగా పోతాయి. ఈ విషం ఉనికిని 1959లో కోల్‌కతాలో శంభునాథ్ డే నిరూపించారు.

• ధనుర్వాతం: క్లాస్ట్రిడియం టెటని విషం కండరాలను సడలించే నాడీ సంకేతాలను అడ్డుకుంటుంది. కండరాలు బిగుసుకుపోతాయి.

• బొట్యులిజం: క్లాస్ట్రిడియం బొట్యులినం విషం కండరాలకు నాడీ సంకేతాలను చేరవేసే అసిటైల్‌కోలిన్ విడుదలను ఆపుతుంది. కండరాలు చచ్చుబడతాయి.

• కంఠసర్పి (డిఫ్తీరియా): ఈ వ్యాధి కలిగించే విషం కణాల్లో ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. దీనికి సీరం చికిత్స కనుగొన్న ఎమిల్ వాన్ బేరింగ్‌కు 1901లో వైద్యశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి లభించింది.

గుర్తుంచుకోండి: ధనుర్వాతంలో కండరాలు బిగుస్తాయి, బొట్యులిజంలో సడలిపోతాయి. హాని చేసే గుణం తొలగించిన విషమే టాక్సాయిడ్. ధనుర్వాతం, కంఠసర్పి టీకాలు ఈ రకానివే.