పశువుల కొట్టం వద్ద కెమెరా కాపలా

అడవి అంచు గ్రామాల పాడి రైతు సోదరులకు రాత్రిపూట దూడల భద్రతే పెద్ద బెంగ. తెల్లవారేసరికి దూడ మాయమైతే, అది చిరుత పనా, కుక్కల పనా, దొంగల పనా? కారణం తెలియనిదే నివారణ లేదు. తక్కువ ఖర్చుతో కారణం తెలిపే సాధనం ట్రెయిల్ కెమెరా. వెచ్చని శరీరం ఎదుట కదలగానే దీని సెన్సారు గుర్తించి ఫొటో తీయిస్తుంది.

కొనేముందు గమనించవలసినవి:

1. మెగాపిక్సెళ్ల అంకె చూసి మోసపోరాదు. చవక రకాలలో అది తరచు పెంచి చూపినదే. రాత్రి తీసిన ఫొటో చూపమని అడగాలి.

2. కదలికకు, ఫొటోకు నడుమ వ్యవధి అర సెకను మించరాదు. ఆలస్యమైతే తోక మాత్రమే పడుతుంది.

3. 850 నానోమీటర్ల దీపాలు దూరం చూపుతాయి గాని, మసక ఎరుపుగా కనబడతాయి. 940 రకం కంటికి కనబడదు, దూరం తక్కువ. దొంగల భయముంటే ఇదే మేలు.

4. సిమ్ రకం ఫొటోను ఫోనుకు పంపుతుంది. కాని రీఛార్జి ఖర్చుంది, సిగ్నల్ లేకుంటే దండగ. మెమరీ కార్డు రకం చవక. అయితే కెమెరా పోతే ఫొటో కూడా పోతుంది.

కెమెరాను నడుమెత్తున, ఎండ ఎదురుపడకుండా ఉత్తరముఖంగా కట్టాలి. ముందరి గడ్డి కోయాలి. లేకుంటే ఊగే గడ్డి ఫొటోలతోనే కార్డు నిండుతుంది.

చిరుత కనబడితే అటవీ అధికారులకు వెంటనే తెలపాలి. ఉచ్చు, విషం పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కెమెరా చూస్తుందే గాని కాపాడదు. దూడను కాపాడేది కొట్టానికి గట్టి తలుపే.