సైకిలు ప్రమాదము: వైద్యపు ఖర్చు, పరిహారపు హక్కు

మన పల్లెలలో సైకిలు నేటికిని సామాన్యుని వాహనము. పాలబిందెలు తగిలించుకొని తెల్లవారుజామున పట్టణమునకు పోవు పాలవాడును, పొద్దుగ్రుంకిన పిమ్మట పనినుండి మరలు కూలీయు, ఉన్నత పాఠశాలకు పోవు విద్యార్థినియు దానినే నమ్ముకొనియున్నారు. వారు పోవు బాటయే లారీలును కార్లును పరుగులెత్తు బాట. మోటారు వాహనము సైకిలును ఢీకొనినపుడు విరుగునది కాలు ఒక్కటియే కాదు. ఆ ఇంటి సంపాదన ఆగిపోవును. ఆసుపత్రి ఖర్చునకై అప్పు పుట్టును. ఆ అప్పునకు వడ్డీ పెరుగును.

ఇట్టి సమయమున తరచుగా జరుగునదేమి? వాహన యజమాని పక్షమున ఎవరో వచ్చి, పదివేల రూపాయలు చేతిలో పెట్టి, "కేసులెందుకు? కోర్టుల చుట్టు తిరుగుట నీవల్ల నగునా?" అని కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొందురు. కొన్ని మాసములకు ఎముక సరిగా అతుకలేదని తెలియును. అప్పటికి సొమ్ము వ్యయమైపోవును, కాగితము మాత్రము మిగులును. ఇట్టి నష్టము కలుగకుండ చట్టము మనకిచ్చిన హక్కులేవో, వానిని నిలుపుకొనుటకు మొదటి దినములలోనే ఏమి చేయవలెనో తెలిసికొందము.

మొదట ప్రాణము

ఒక స్కూటరువానిని కారు ఢీకొనగా, మొదట చేర్చిన ఆసుపత్రివారు ఇట్టి పోలీసు కేసులు చూచు అధికారము తమకు లేదని అతనిని దూరమునందలి మరియొక ఆసుపత్రికి పంపిరి. దారిలోనే అతడు మరణించెను. ఈ ఉదంతముపై వచ్చిన పరమానంద కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ముందు ప్రాణము కాపాడవలెననియు, పోలీసు కాగితములకై చికిత్సను ఆపరాదనియు తీర్పు చెప్పినది.

గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుట వాహనము నడిపినవాని విధి. దారిన పోవువారును వెనుదీయనక్కరలేదు. సద్భావముతో సాయము చేసినవారిపై కేసు ఉండదు; తమ పేరు చెప్పవలెనను నిర్బంధము కూడ లేదు. 108కి గాని 112కి గాని వెంటనే ఫోను చేయవలెను.

ఆసుపత్రి ఖర్చు

2025 మే మాసమున కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ననుసరించి, మోటారు వాహనము వలన రోడ్డుపై గాయపడిన ప్రతివ్యక్తికిని, ప్రమాదము జరిగిన నాటినుండి ఏడు దినములవరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, గుర్తింపు పొందిన ఆసుపత్రులలో రొక్కము చెల్లింపకయే చికిత్స లభించును. ఆసుపత్రిలో చేరిన వెంటనే ఈ పథకమును గూర్చి అడుగవలెను.

ఇచట ఒక హెచ్చరిక. పోలీసుల భయముచే కొందరు "సైకిలుపైనుండి పడితిని" అని వైద్యునితో చెప్పుదురు. ఆ మాట ఆసుపత్రి పుస్తకమున కెక్కును. తరువాత పరిహారము కోరునప్పుడు అదియే అడ్డు నిలుచును. ఏ వాహనము ఢీకొనినదో, ఎచట, ఎన్ని గంటలకో ఉన్నదున్నట్లు చెప్పవలెను.

భద్రపరుపవలసినవి

పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాయించి, ప్రథమ సమాచార నివేదిక నకలు ఉచితముగా తీసికొనవలెను. వాహనపు నంబరును, చూచినవారి పేర్లను వ్రాసికొనవలెను. మందుల చీట్లు, బిల్లులు, ఎక్స్‌రేలు, ఆసుపత్రినుండి పంపునపుడిచ్చు కాగితము, ప్రయాణపు ఖర్చుల రసీదులు ఒక సంచిలో దాచవలెను. దెబ్బతిన్న సైకిలును ఫొటో తీయించక మరమ్మతు చేయింపరాదు. అవకరము మిగిలినచో వైద్యమండలి ధ్రువపత్రము పొందవలెను.

పరిహారపు లెక్క

ప్రతి మోటారు వాహనమునకును పరులకు కలుగు నష్టమునకై బీమా ఉండవలెనని చట్టము. కావున పరిహారము సాధారణముగా బీమా సంస్థయే చెల్లించును. వైద్యపు ఖర్చు, పనికిపోని దినముల కూలి, అనుభవించిన బాధ, మున్ముందు తగ్గిపోవు సంపాదన, ఇవన్నియు లెక్కకు వచ్చును.

ఉదాహరణకు, 38 సంవత్సరముల పాలవాడు నెలకు 12,000 రూపాయలు సంపాదించుచుండెననుకొందము. గాయమువలన అతని సంపాదనాశక్తి నూటికి 30 వంతులు తగ్గినచో, సంవత్సరమునకు నష్టము 43,200 రూపాయలు. ఆ వయస్సునకు సుప్రీంకోర్టు 2009లో నిర్ణయించిన గుణకము 15. హెచ్చించగా 6,48,000 రూపాయలగును. వైద్యపు ఖర్చును తక్కినవియు దీనికి అదనము. రోడ్డుమీద చేతిలో పెట్టిన పదివేలు దీనియెదుట ఏపాటివో పాఠకులే యోచింతురుగాక.

దరఖాస్తు పెట్టుట

పరిహారపు దరఖాస్తును మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు ఎదుట పెట్టవలెను. ప్రమాదము దూరముగా జరిగినను, తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే పెట్టుకొనవచ్చును. ప్రమాదము జరిగిన ఆరు మాసములలోగా పెట్టవలెనను నియమము 2022 ఏప్రిల్ 1నుండి వచ్చినది గనుక జాగు చేయరాదు. గడువు దాటినవారు కూడ నిరాశ చెందక న్యాయసలహా పొందవలెను.

డ్రైవరు తప్పును ఋజువు చేయకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు పొందు మార్గము కూడ కలదు. కాని ఆ సొమ్ము పుచ్చుకొనినచో పూర్తి పరిహారపు దరఖాస్తు చెల్లకపోవును. ఏది మేలో ముందుగా లెక్క చూచుకొనవలెను.

ఢీకొని పారిపోయిన వాహనము దొరకనిచో, మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ఇచ్చు పథకము వేరుగా ఉన్నది. ఎముక విరుగుట తీవ్రగాయమే. దీనికై రెవిన్యూ డివిజను అధికారిని గాని తహసీల్దారును గాని ఆశ్రయింపవలెను.

స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి, వికలాంగులకు, స్వల్పాదాయముగలవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలు నిచ్చును. 15100 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

మన బాధ్యత

సైకిలువాని తప్పు కొంత ఉన్నచో పరిహారము ఆ మేరకు తగ్గవచ్చును. రాత్రివేళ దీపము, వెనుక ఎఱ్ఱని మెరుపుబిళ్ళ, పనిచేయు బ్రేకులు, గంట ఉండవలెను. ఎడమప్రక్కనే పోవలెను. ఇవి పరిహారము కొఱకు మాత్రమే కాదు, ప్రమాదమే జరుగకుండుటకు.

పంచాయతీ పెద్దలు గాయపడినవానిని రాజీకి తొందరపెట్టుటకు మారుగా, ఠాణాకును ఆసుపత్రికిని తోడు పోవుట ఉత్తమము. గాయము పూర్తిగా మానకముందే, నష్టమెంతో తెలియకముందే, ఎవ్వరును ఏ కాగితముపైనను వ్రేలిముద్ర వేయరాదు.