విజ్ఞానయాత్రలో పిల్లల వెంట నడచువారు

త్రైమాసిక పరీక్షలు ముగిసి, మన పాఠశాల ప్రకటన ఫలకముపై విజ్ఞానయాత్ర వార్త కనబడిన నాటినుండి, మా గదికి వచ్చు తల్లిదండ్రులు అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: "అయ్యా, పిల్లల వెంట ఎవరు వెళుతున్నారు?" రెండేండ్ల క్రిందట ఈ ప్రశ్నకు మేము చెప్పిన సమాధానము పలువురికి రుచింపలేదు. తంజావూరు యాత్రకు వెళ్ళువారు ఇరువురు. ఒకరు అనుభవజ్ఞులైన గణితోపాధ్యాయులు. రెండవవారు ఆ యేడే ఉద్యోగమున చేరిన, 24 ఏండ్ల తెలుగు ఉపాధ్యాయిని. "ఆవిడే చిన్నపిల్ల కదండీ, ఇంతమందిని ఎలా చూసుకుంటారు?" అని ఒక తండ్రిగారు మా యెదుటనే అనిరి. ఆ సందేహము న్యాయమైనదే. ఆ యాత్రలో జరిగినది, దానివలన మేము నేర్చుకొన్నది తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట, యాత్ర యెందులకు? చెన్నపురిలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇంటను బడిలోను తెలుగు, వీధిలో తమిళము. ఈ రెండును వేర్వేరు లోకములని, తమ భాష ఈ గడ్డకు పరాయిదని కొందరు పిల్లలు తలంతురు. ఆ తలంపునకు తంజావూరే తగిన సమాధానము. రాజరాజచోళుడు కట్టించిన బృహదీశ్వరాలయము 1010లో పూర్తియైనది. దాని గోడలనిండ తమిళ శాసనములు కలవు. అదే పట్టణమును 16, 17 శతాబ్దులలో తెలుగు నాయకరాజులు పాలించిరి. వారిలో రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగు కవి. అక్కడి సరస్వతీ మహలు గ్రంథాలయమున సంస్కృత, తమిళ, తెలుగు, మరాఠీ వ్రాతప్రతులు ఒక్క కప్పు క్రింద నున్నవి. 1798 నుండి 1832 వరకు రాజ్యము చేసిన రెండవ శరభోజి ఆ భాండాగారమును మిక్కిలి వృద్ధిపరచెను. తంజావూరికి సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కావేరీ తీరమందలి తిరువయ్యారులో, 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి కలదు. దానిపై మందిరమును 1920 దశకమున బెంగుళూరు నాగరత్నమ్మగారు కట్టించిరి. ఏటేట పుష్య బహుళ పంచమినాడు తమిళము మాతృభాషగా గల గాయకులు అచ్చట చేరి ఆ తెలుగు కృతులను గానము చేయుదురు. ఈ సంగతులు పుస్తకమున చదువుట వేరు, అక్కడ నిలిచి చూచుట వేరు.

ఇక ఉపాధ్యాయిని పని యెట్టిదో చెప్పెదము. అది రైలెక్కిన తరువాత మొదలుకాదు. ప్రయాణమునకు పది దినముల ముందుగనే ఆమె ఒక నోటు పుస్తకము సిద్ధము చేసికొనెను. 42 మంది పిల్లలను ఇద్దరిద్దరిగా 21 జతలు చేసి, జతలోని ఒకరు లేనిచో రెండవవారు వెంటనే చెప్పవలెనని నియమించెను. ఎచ్చటెచ్చట పిల్లలను లెక్కింపవలెనో ముందే వ్రాసికొనెను: రైలెక్కునపుడు, దిగునపుడు, బసలో, ఆలయద్వారమున, బస్సులో, భోజనమునకు కూర్చున్నపుడు. బసకును, ఆలయమునకును దగ్గరనున్న ఆసుపత్రుల పేర్లు, అత్యవసర వాహనము పిలుచుటకు 108, అన్ని అవసరములకు 112 అను సంఖ్యలు మొదటి పుటలోనే యుంచెను. "ఇంత చాదస్తమేలమ్మా?" అని మేము పరిహాసముగా అడిగితిమి. ఆమె నవ్వి యూరకుండెను.

రాత్రి రైలులో బయలుదేరి తెల్లవారుజామున అందరును క్షేమముగా తంజావూరు చేరిరి. ఉదయము ఆలయప్రాంగణమున పిల్లలు పరుగులు తీయుచుండగా, ఎనిమిదవ తరగతి బాలుడొకడు గోడప్రక్కన చతికిలబడెను. వాని జతగాడు పరుగెత్తుకొని వచ్చి, "టీచర్, వాడికి ఊపిరి ఆడటం లేదు" అని చెప్పెను. ఆమె వానిని పడుకొననీయక, నిటారుగ కూర్చుండబెట్టి, చుట్టు చేరిన పిల్లలను దూరముగ పంపి, మందేమైన వాడుచున్నావా యని అడిగెను. బాలుడు తలయూపెనే గాని మాటలాడలేకపోయెను. జతగాడే చెప్పెను: వానికి ఉబ్బసము కలదు, పీల్చుకొను మందు బసలో సంచి అడుగున బట్టలక్రింద నున్నది, ఎవరికిని చూపవద్దని ఇంటివారు చెప్పిరి.

ఆమె వెంటనే 108కి ఫోను చేసెను. మిగిలిన 41 మందిని గణితోపాధ్యాయులు ఒకచోట కూర్చుండబెట్టి లెక్కించిరి. ఆమె బాలునితో ఆసుపత్రికి వెళ్ళెను. అచ్చట మందును ఆవిరిగా పీల్పించిన కొంతసేపటికి వాని శ్వాస కుదుటబడినది. ఆ తరువాతనే ఆమె మాకు ఫోను చేసెను. ఆమె గొంతు వణకుచుండెను గాని, చెప్పవలసిన సంగతులన్నియు వరుసగా చెప్పెను.

బాలుని తల్లిగారిని పిలిపించి మేము కొంత కోపముతోనే, "ఈ విషయము ముందే ఏల చెప్పలేదమ్మా?" అని అడిగితిమి. ఆమె కన్నీరు పెట్టుకొని, "చెబితే తీసుకెళ్ళరని భయపడ్డానండీ. పోయిన సంవత్సరం ఆ అమ్మాయిని వదిలేసి వెళ్ళారు కదా" అనిరి.

మాకు మారుమాట లేకపోయెను. అంతకు ముందటి యేట ఏడవ తరగతి బాలికకు మూర్ఛవ్యాధి కలదని ఆమె తండ్రిగారు నిజాయితీగా చెప్పగా, బాధ్యత వహింపలేమని ఆ బాలికను యాత్రనుండి తప్పించినవారము మేమే. నిజము చెప్పినవారికి శిక్ష పడునని మేమే నేర్పితిమి. ఆ తల్లి ఆ పాఠము చక్కగా నేర్చుకొనిరి. మా సమ్మతిపత్రమునందును సంతకమునకు, రుసుమునకు చోటు కలదే గాని ఆరోగ్యమును గూర్చి ఒక్క ప్రశ్నయు లేకుండెను. ఆ దినమున బాలునికి కలిగిన అపాయమున మా పాలు తల్లి పాలుకంటె తక్కువది కాదు.

మరునాడు తిరువయ్యారులో ఇంకొక పరీక్ష యెదురైనది. కావేరి నిండుగ పారుచుండెను. పిల్లలు స్నానమునకు పట్టుబట్టిరి. ఉపాధ్యాయిని ఒప్పుకొనలేదు, మెట్లపైననే నిలువబెట్టి నదికి నమస్కరింపజేసి తీసికొనివచ్చెను. తిరిగి వచ్చిన పిదప, "కావేరిదాకా వెళ్ళి మునగకుండా వచ్చారా?" అని ఆమెను ఎత్తిపొడిచిన పెద్దలు కలరు. వారికి మా మనవి యిది. తిరువయ్యారునకు ఎగువనున్న కల్లణైవద్ద కావేరి నీటిని పాయలుగా పంచి వదలుదురు. ఒడ్డున నిలిచినవారికి ఎగువ ఎంత నీరు వదలిరో తెలియదు. 2014 జూన్ 8న హిమాచల ప్రదేశమున బియాస్ నదిలో, హైదరాబాదునుండి యాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు ఎగువ ఆనకట్టనుండి వదలిన నీటిలో కొట్టుకొనిపోయిరి. 2024 జనవరి 18న వడోదరలో పరిమితికి మించి ఎక్కించిన పడవ మునిగి 12 మంది బడిపిల్లలు, ఇరువురు ఉపాధ్యాయినులు మరణించిరి. నీటివద్ద "వద్దు" అను ఉపాధ్యాయుని పిల్లలు ఒక్కపూట నిందింతురు. తల్లిదండ్రులును వారితో చేరి నిందించినచో, మరుసటి యేడు ఆ ఉపాధ్యాయుడు "సరే" అనును. ఆ "సరే"నే మనము భయపడవలెను.

ఈ యనుభవముల పిదప మేము పద్ధతి మార్చితిమి. ఇపుడు సమ్మతిపత్రముతోపాటు ఆరోగ్యపత్రమును పంపుచున్నాము. అందు వ్రాయవలసినవి: బిడ్డకుగల వ్యాధి, వాడు మందు, దాని మోతాదు, వేళ, ఏ ఆహారము, ఏ మందు సరిపడదో, బస్సులో వాంతులగునా, రాత్రి పక్క తడుపునా, చీకటికి భయపడునా, పగలు రాత్రి యే వేళనైనను పలుకు రెండు ఫోను సంఖ్యలు. ఈ పత్రము వెంట వెళ్ళు ఉపాధ్యాయులు తప్ప ఇతరులు చూడరు. ఒక్క మాట స్పష్టముగ చెప్పుచున్నాము: ఈ పత్రము పిల్లలను ఆపుటకు కాదు, తీసికొనిపోవుటకు. ఏ బిడ్డ విషయమునందైన సందేహము కలిగినచో, వైద్యుని సలహాతో, తల్లిదండ్రులను పిలిచి మాటలాడిన పిదపనే నిర్ణయింతుము.

ఉపాధ్యాయులకు మేము వైద్యునిచే చెప్పించిన కొన్ని సంగతులు ఇంటను ఉపయోగపడునవియే. ఉబ్బసము గల బిడ్డ మందు సంచి అడుగున గాక జేబులో నుండవలెను. ఆయాసము వచ్చినపుడు పడుకొనబెట్టరాదు. కూర్చుండబెట్టి, వైద్యుడు చెప్పిన మందు పీల్పించి, తగ్గనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళపుచెవులు పెట్టుటవలన ఏమియు ప్రయోజనము లేదు. నోటిలో చెంచా గాని, గుడ్డ గాని, నీరు గాని పెట్టుట అపాయకరము. తగిలి గాయపరచు వస్తువులను తొలగించి, తలక్రింద మెత్తని గుడ్డ ఉంచి, ఒక ప్రక్కకు త్రిప్పి పడుకొనబెట్టి, గడియారము చూడవలెను. ఐదు నిమిషములు దాటినచో వెంటనే 108ని పిలువవలెను.

ఈ యేటి యాత్రకు మూర్ఛవ్యాధి గల ఆ బాలిక కూడ వెళ్ళినది. ఇపుడామె పదవ తరగతి. వైద్యుని చీటి, వేళకు వేయవలసిన మందు ఉపాధ్యాయినివద్ద నుండెను. మూడు దినములును ఏ యిబ్బందియు లేకుండ గడచినవి. ఇబ్బంది కలిగియున్నను ఏమి చేయవలెనో వెంటనున్నవారికి తెలిసియుండెను. మాకు ధైర్యమిచ్చినది అదియే. త్యాగరాజస్వామి సమాధివద్ద పిల్లలందరును కలిసి పాడినపుడు ఆమె గొంతు బాగుగ వినిపించినదని ఉపాధ్యాయిని మాతో చెప్పెను. మూడేండ్ల క్రిందట ఆ గొంతును ఇంటివద్ద నిలిపివేసినందులకు ఆ కుటుంబమునకు మేము మా గదిలో క్షమాపణ చెప్పుకొంటిమి. ఈ పుటలయందును మరల చెప్పుకొనుచున్నాము.

కావున వచ్చు యేడు యాత్ర ప్రకటన చూచినపుడు, వెంట వెళ్ళు ఉపాధ్యాయుల వయస్సు మాత్రమే అడుగవలదని తల్లిదండ్రులకు మా ప్రార్థన. వారు పిల్లలను ఎన్నిసార్లు లెక్కింతురో అడుగుడు, ఆసుపత్రి యెచ్చటనో అడుగుడు, నీటివద్ద ఏమి చేయుదురో అడుగుడు. సమాధానము చెప్పుట మా విధి. మేము అడిగినపుడు బిడ్డనుగూర్చిన నిజము దాచక చెప్పుట మీ విధి. ఈ రెండును జరిగిననాడు, చిన్నవయస్సు ఉపాధ్యాయిని వెంటనైనను మన పిల్లలు నిశ్చింతగా లోకము చూచి రాగలరు.