సంవాదము – వివాదము

బాల్యమున మా యూరి రామాలయములో నొక పాటకచ్చేరికి పోయితిని. గాయకుడు వచ్చి కూర్చుండి, పాడుటకు మారుగా తంబురా బిరడలు త్రిప్పుచు పావుగంట గడపెను. విసుగు పుట్టి, "పాట యెప్పుడు తాతయ్యా?" యని యడిగితిని. "ఆ నాదము వణకుచున్నది, వినబడుట లేదా? అది నిలుచువరకు ఆగుము" అని తాతయ్య చెప్పిరి. చెవి యొగ్గితిని. నడిమి తంత్రులు రెండింటి ధ్వని లేచుచు పడుచు, క్రమముగా నెమ్మదించి, ఒక్క తంత్రియే పలికినట్లు నిలిచెను.

విద్యార్థులారా! ఆ వణకునకు కారణము లెక్కలో నున్నది. ధ్వని కంపనమువలన పుట్టును. షడ్జమము సెకనునకు 240 మారులు కంపించుననుకొందము. అప్పుడు పంచమము 360 మారులు కంపించును. మొదటిది రెండు మారులు కదలునంతలో రెండవది సరిగా మూడు మారులు కదలి, రెండును మరల కలసికొనును. శుద్ధమధ్యమమునకు 320, అచట మూడింటికి నాలుగు. కావుననే ఇవి షడ్జమముతో పొత్తుగా పలుకును. ఇట్టివి సంవాదులు. శుద్ధరిషభము 256. అది షడ్జమముతో కలియవలెనన్న పదునైదింటికి పదునారు కంపనములు గడువవలెను. అంతేకాదు, రెంటి భేదమగు 16 మారులు సెకనులో ధ్వని హెచ్చుచు తగ్గుచుండును. చెవికి గరుకుగా తోచునది అదియే. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. కంపనముల లెక్క లేని కాలముననే భరతుడు నాట్యశాస్త్రములో, తొమ్మిది లేక పదమూడు శ్రుతుల యెడముగల స్వరములు సంవాదులనియు, రెండు శ్రుతుల యెడముగలవి వివాదులనియు చెప్పెను. ఆయనకు చెవియే కొలబద్ద!

పాశ్చాత్యులు మూడు నాలుగు స్వరములను ఒక్కుమ్మడిగా పలికింతురు. దానిని కార్డు అందురు. షడ్జమము, అంతరగాంధారము, పంచమము కలిపినచో 240, 300, 360, అనగా 4:5:6. హాయిగా నుండును. వారు వివాదకూటమిని వెలివేయరు. దానిని ముందు పలికించి, వెంటనే సంవాదకూటమికి చేర్తురు. ఎండలో నడచినవానికి నీడవలె అది తోచును.

మన సంగీతమున స్వరములు ఒకదాని వెంట నొకటి వచ్చును. 72 మేళకర్తలలో 40 వివాది మేళములు. వానిని పాడిన కీడు కలుగునని కొందరు భయపడిరి. నాకా భయము అర్థము కాలేదు. త్యాగరాజస్వామి పంచరత్నములలో రెండు, నాటరాగమునందును వరాళియందును, వివాది స్వరములతోనే నడచును. నాటలో షట్శ్రుతిరిషభము, అంతరగాంధారము ప్రక్కప్రక్కనే యుండును. ఆరోహణమున ఆ రెండును వచ్చును. అవరోహణమున గాంధారమును విడిచి, మధ్యమమునుండి నేరుగా రిషభమునకు దిగుదురు. ఇరుకింటిలో అన్నదమ్ములను ఎడముగా కూర్చుండబెట్టినట్లే యిది. అంతటి రాగమును కచ్చేరి యారంభమున పాడుట వాడుక.

మీ పాఠశాలలో హార్మోనియమున్నచో షడ్జమమును, దాని ప్రక్క మెట్టును కలిపి నొక్కి వినుడు; పిదప షడ్జమ పంచమములను నొక్కుడు. అయితే ఆ పెట్టెలో స్థాయిని పండ్రెండు సమభాగములు చేసిరి గనుక, దాని గాంధారము మన లెక్కకు కొంచెము హెచ్చుగా పలుకును. సరియైన గాంధారమును వినగోరువారు చక్కగా శ్రుతిచేసిన తంబురా చెంత కదలక కూర్చుండవలెను. మంద్రషడ్జమ తంత్రిని మీటినపుడు, ఎవరును మీటని యంతరగాంధారము సన్నగా వినవచ్చును. దానికి స్వయంభూగాంధారమని పేరు.