యశోదమ్మకూ చెమటలు పట్టాయి

ప్రశ్న: ఇద్దరు చిన్నపిల్లలు. సాయంత్రం దీపం పెట్టే ఓపిక కూడా ఉండటం లేదు. దేవుడికి దూరమవుతున్నానా?

జవాబు: లేదమ్మా. భాగవతం దశమ స్కంధంలో యశోదను చూడండి. పిల్లాడు పెరుగుకుండ పగలగొట్టి, వెన్న కోతికి పెడుతున్నాడు. వెంటపడి పట్టుకుని రోటికి కట్టబోతే తాడు రెండంగుళాలు తక్కువైంది. ఇంకో తాడు ముడేసింది. మళ్లీ అదే రెండంగుళాలు! ఇంట్లో తాళ్లన్నీ అయిపోయాయి. గోపికలు నవ్వారు, యశోదా నవ్వింది. ఒళ్లంతా చెమట, కొప్పులో పూలు జారిపోయాయి. అమ్మ అలసట చూసి జాలిపడి కృష్ణుడే కట్టుబడ్డాడు. అప్పుడామె పూజలో లేదు, అల్లరి పిల్లాడితో వేగుతోంది. మీరున్నదీ అక్కడే, కృష్ణుడికి బాగా దగ్గర్లో. రాత్రి పిల్లలకు ఈ కథ చెప్పండి, ఆ పూటకు అదే పూజ. దీపం మాత్రం మీవారిని పెట్టమనండి.